తొమ్మిదో కాలమ్

ఆ శుక్రవారం ఉదయం సూపరింటెండెంటు గారు పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. బీరువాలోని పాత కాగితాలన్నీ కింద కుమ్మరించి, పనికొచ్చేవి ఒక పక్క, పనికిరానివి ఒక పక్క పెట్టి, ఆ తర్వాత రెండు పక్కలవీ మళ్లీ బీరువాలోనే సర్దేయడం. ఆయన రిటైరై మూడేళ్లయింది. అయినా ఇంటా బయటా అందరూ ఆయన్ని సూపరింటెండెంటు గారనే అంటారు. భార్య కూడా కోపం వచ్చినప్పుడల్లా అలాగే పిలుస్తుంది కాబట్టి ఆ హోదా మరుగున పడే ప్రమాదం ఇప్పట్లో లేదు.

ముప్పై అయిదేళ్ల పాటు ఆయన ఒక పెద్ద ఆఫీసులో సర్క్యులర్లు రాశారు. చేసింది అదొక్కటే పని. వెళ్లేటప్పుడు ఫ్యాన్లు ఆపమని చెప్పవయ్యా అని పైవాళ్లు ఒక ముక్క అంటే, ఆయన దాన్ని ఒక విషయం, నాలుగు పేరాలు, తొమ్మిది కాలమ్‌ల ప్రొఫార్మాగా పెంచి నూట పది సెక్షన్లకు పంపేవారు. ఆ చెయ్యి ఇంట్లోనూ ఊరుకోలేదు. కూతురి స్కూలుకు రాసిన సెలవు చీటీ సైతం "పై విషయమునకు సంబంధించి తెలియజేయునది ఏమనగా, నా కుమార్తెకు జలుబు చేసియున్నది" అని మొదలయ్యేది. టీచర్లు ఆ చీటీలను స్టాఫ్‌రూమ్‌లో ఒకరికొకరు చదివి వినిపించుకునేవాళ్లు.

ఆ జలుబు పిల్లకు ఇప్పుడు ఇరవై ఆరేళ్లు. నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో నాలుగేళ్లుగా పనిచేస్తోంది. అక్కడ సీనియర్ పోస్టు ఇస్తామన్నారు, అయితే మూడేళ్లు కదలనని బాండు రాసివ్వాలి. దానికి ఆఖరు గడువు ఆ సాయంత్రం అయిదు గంటలు. మరోవైపు భూగర్భజలాల మీద పీజీ చెయ్యాలని యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టి పద్నాలుగు వారాలైంది, అటు నుంచి ఉలుకూ పలుకూ లేదు. బాండు మీద సంతకం పెడితే చదువు పోతుంది. పెట్టకపోతే పోస్టు పోతుంది, ఆ పైన సీటు కూడా రాకపోతే రెండూ పోతాయి. ఇది ఆ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చిన లెక్క. ఎవరు ఎన్నిసార్లు వేసినా జవాబు మాత్రం రావడం లేదు.

జవాబు దొరుకుతుందని అమ్మాయి రోజూ వెతికే చోటు ఇంటర్నెట్‌లో ఒకటుంది. దరఖాస్తు పెట్టి కాచుక్కూర్చున్న వాళ్లంతా అక్కడ చేరి, తెలిసింది ఒకటైతే పది రాస్తుంటారు. ఆ ఉదయం కూడా ఆమె ఒక చేత్తో కాఫీ, ఒక చేత్తో ఫోను పట్టుకుని అదే చదువుతోంది.

"ఏమంటున్నారు ఇవాళ?" అన్నారు సూపరింటెండెంటు గారు.

"స్టేటస్ పేజీలో మన ఫొటో కాస్త చిన్నదైతే సీటొచ్చినట్టేనట."

"నీది చిన్నదైందా?"

"నిన్న ఎంతుందో కొలవలేదు నాన్నా. ఇవాళ కొలిచాను. ఇక రేపు చూడాలి."

హాస్పిటల్లో టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేసే తల్లి బ్యాగు సర్దుకుంటూ ముక్కున వేలేసుకుంది. "స్కేలు పెట్టి కొలిచావా? వాళ్లకే ఒక్క ఫోన్ కొట్టి అడిగితే పోయేదిగా!"

"పదకొండుసార్లు చేశానమ్మా. ప్రాసెస్‌లో ఉంది అని పెట్టేస్తారు."

"ఈ ఫొటో సంగతి ఎవరు చెప్పారట?" అన్నారు తండ్రి.

"'రాదులే' అని పేరు పెట్టుకున్న ఒకతను. అతనికి 'మూడోసారి' అనే ఆవిడ చెప్పిందట. ఆవిడకు క్యాంటీన్‌లో ఎవరో చెప్పారట."

సూపరింటెండెంటు గారికి ఒళ్లు మండింది. "నంబరు లేదు, తేదీ లేదు, కింద సంతకం లేదు. ఇదీ ఒక సమాచారమేనా? ఆ మూడూ ఉన్న కాగితం నమ్మాలి, లేనిది చెత్తబుట్టలో వెయ్యాలి. ముప్పై అయిదేళ్లు నేను చూసింది ఇదే."

"నాన్నా, నీకు దణ్ణం పెడతాను. నువ్వు మాత్రం దాని జోలికి పోకు," అని అమ్మాయి లేచింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, వెనక్కి తిరక్కుండానే మెల్లగా అంది: "ఏదో ఒకటి తెలిస్తే చాలనిపిస్తోంది. రాలేదని తెలిసినా సరే."

ఆ మాట ఆయన గుండెలో గుచ్చుకుంది. తల్లీ కూతుళ్లు వెళ్లిపోయాక ఆయన కాసేపు బీరువా ముందు నిలబడ్డారు. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఆయన ఉద్దేశం మంచిదే. అందరి దరఖాస్తుల స్థితినీ ఆధారాలతో సహా సాయంత్రం నాలుగింటికల్లా రాబట్టి, పట్టిక వేసి, లెక్క తేల్చి, అయిదు కాకముందే కూతురికి ఒక మాట చెప్పాలి. దానికి అక్కడి వాళ్లను మర్యాదగా ఒక ప్రశ్న అడిగితే సరిపోయేది. కానీ ఆయన చేతికి ప్రశ్నలు అడగడం అలవాటు లేదు.

"సర్క్యులర్ నం. 1," అని మొదలుపెట్టి తేదీ వేశారు. "విషయం: ప్రవేశ నిర్ణయముల సమాచారము, క్రమబద్ధీకరణ గురించి. పై విషయమునకు సంబంధించి తెలియజేయునది ఏమనగా, ఆధారము లేని సమాచారము ఇకపై పరిగణింపబడదు. అభ్యర్థులందరూ తమ దరఖాస్తు స్థితిని జతపరచిన ప్రొఫార్మాలో ఈ దినము సాయంత్రము నాలుగు గంటలలోగా సమర్పించవలెను. లేనిచో వారి దరఖాస్తు పెండింగులో ఉన్నట్లు భావింపబడును. సం/- సూపరింటెండెంట్."

ప్రొఫార్మా కూడా జతచేసి పంపించి, కళ్లజోడు తుడుచుకునేలోపు అరవై జవాబులు వచ్చాయి. నూట పది సెక్షన్లకు మూడేసి సార్లు గుర్తు చేసినా ఒక్క జవాబు రాని బతుకు బతికిన మనిషికి ఏనుగెక్కినంత సంబరమైంది. "ఏ ఇంకుతో నింపాలి సార్?" అని ఒకరు అడిగారు. "నీలము లేదా నలుపు," అని ఆయన రాశారు. "ఒక కాపీ చాలా సార్?" అని ఇంకొకరు. "చాలును. ఎక్కువ ఉన్నచో మంచిదే," అని రాసి, కాగితాల పని గుర్తొచ్చి లేచి వెళ్లారు. "ఎక్కడ ఇవ్వాలి సార్?" అన్న మూడో ప్రశ్న వచ్చేసరికి ఆయన బీరువాలో తల దూర్చి ఉన్నారు. ఆయన తరఫున ఎవరో జవాబు చెప్పేశారు: "ఇంకెక్కడ? యూనివర్సిటీలో, కిటికీ దగ్గర."

అక్కడి నుంచి ఆ కాగితం కాళ్లకు చక్రాలు కట్టుకుని బయల్దేరింది. నాలుగన్నారు గానీ రద్దీ ఉంటుంది, రెండుకే వెళ్లండి అని ఒక పుణ్యాత్ముడు సలహా ఇచ్చాడు. తర్వాతివాడు సలహా తీసేసి రెండు మాత్రం ఉంచాడు. పెండింగులో ఉన్నట్లు భావించడమంటే ఏమిటని ఒకమ్మాయి అడిగితే, పోయినట్టేనని ఎవరో అన్నారు. ఎక్కువ కాపీలు కాస్తా మూడు కాపీలయ్యాయి. ఎవరో శ్రద్ధగా అంతా కొత్తగా టైపు చేసి, చివర ఆ సంతకం మాత్రం అలాగే ఉంచి, ప్రింటు తీయించుకోవడానికి యూనివర్సిటీ గేటు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపుకు వెళ్లారు. ఆ షాపు సూపరింటెండెంటు గారి బావమరిదిది.

పదకొండు గంటలకు ఇంట్లో ఫోను మోగింది.

"బావగారూ, కొంప మునిగింది! యూనివర్సిటీ వాళ్లు సర్క్యులర్ వేశారు. రెండింటిలోపు ఫారం నింపి మూడు కాపీలు ఇవ్వాలట. ఇవ్వకపోతే దరఖాస్తు రద్దట! మా షాపు ముందు ఇసకేస్తే రాలనంత జనం."

"కంగారు పడకు. పుకారేమో. నంబరుందా?"

"ఉంది."

"తేదీ?"

"ఇవాళ్టిదే."

"కింద సంతకం?"

"సూపరింటెండెంట్ అనుంది."

ఆయన దిగ్గున లేచి నిలబడ్డారు. "అయితే నిజమేరా!"

తాను పొద్దున రాసిన దానికీ దీనికీ ఏమైనా చుట్టరికం ఉందేమోనన్న ఆలోచన ఆయన దరిదాపులకు రాలేదు. తనది నాలుగు గంటలు, పెండింగు. ఇది రెండు గంటలు, రద్దు. పైగా ఇన్నాళ్లకు ఆ యూనివర్సిటీలోనూ ఒక పద్ధతైన సూపరింటెండెంటు దొరికాడని ఆ కంగారులోనే చిన్న సంతోషం కూడా కలిగింది. అమ్మాయికి ఫోన్ చేద్దామంటే లాభం లేదు. ల్యాబ్‌లోకి వెళ్లేటప్పుడు ఫోన్లు లాకరులో పెట్టేయాలి, మధ్యాహ్నం భోజనాల వేళకు గానీ తియ్యనివ్వరు. కూతురి సర్టిఫికెట్ల ఫైలు చంకన పెట్టుకుని, తన ఫోను కాగితాల గుట్ట కింద వదిలేసి, ఆయన బస్సెక్కారు.

యూనివర్సిటీలో ప్రవేశాల కిటికీ ముందు క్యూ మెట్లు దిగి, సైకిల్ స్టాండు చుట్టూ తిరిగి, గేటు దాకా వచ్చింది. కిటికీ అవతల కూర్చున్న గుమాస్తా మొదటి ఫారం చూసినప్పుడు "ఇదేంటి?" అని అడిగాడు. అదే ఫారంతో పాతికమంది నిలబడేసరికి అడగడం మానేశాడు. ఇంతమందికి అందిన సర్క్యులర్ తన బల్ల మీదికి రాలేదంటే, వచ్చిందాన్ని తానే ఎక్కడో పారేసి ఉండాలి. ఆ మాట పైకి పొక్కకూడదు. అందుకని గుండ్రటి ముద్ర బయటికి తీసి, వచ్చిన ఫారం మీదల్లా "ముట్టినది" అని కొట్టడం మొదలుపెట్టాడు. అయినా మనసాగక, లోపలికి వెళ్లి అసిస్టెంట్ రిజిస్ట్రారును "సార్, ఆ సర్క్యులర్ చూశారు కదా?" అన్నాడు. అసిస్టెంట్ రిజిస్ట్రారు తాను చూడని సర్క్యులర్ ఒకటుందని సర్వీసులో ఏనాడూ ఒప్పుకోలేదు. "పొద్దున్నే చూశానయ్యా," అని, ఫైలు తెరిచి "చూడబడినది, అమలు చేయబడుచున్నది" అని రాసి రిజిస్ట్రారుకు పంపాడు. కిందివాడు చూసినదాన్ని తాను చూడలేదని రిజిస్ట్రారు మాత్రం ఎలా అంటారు? ఆయనా కింద సంతకం చేశారు.

ఇవేమీ తెలియని సూపరింటెండెంటు గారు క్యూలో నిలబడి, బావమరిది తెచ్చిచ్చిన ఫారాన్ని ఫైలు మీద పెట్టి నింపుతున్నారు. నింపుతూ మురిసిపోతున్నారు.

"చూడరా, ఎంత పొందికగా ఉందో! పేరు, నంబరు, దరఖాస్తు తేదీ, సబ్జెక్టు. అయిదోది ప్రస్తుత స్థితి, ఆరోది ఆ స్థితి ఎలా తెలిసింది, ఏడోది ఎప్పుడు తెలిసింది. ఇదీ పద్ధతంటే. ఈ సూపరింటెండెంటు ఎవరో గానీ పనిమంతుడు."

"త్వరగా రాయండి బావగారూ, ముందుకు కదులుతున్నారు."

ఎనిమిదోది ఇతర వివరములు, ఉన్నచో. అక్కడ ఆయన కలం కాస్త నెమ్మదించింది. తొమ్మిదోది: "పై ఎనిమిదింటిలో ఏదైనను లేనిచో, ఎందుకు లేదో కారణము." అక్కడ ఆగిపోయింది. ఈ తొమ్మిదో కాలమ్ లోకంలో ఇంకే ఆఫీసులోనూ లేదు. అది ఆయన సొంత బుర్రలోంచి పుట్టింది. దాని గురించి ముప్పై అయిదేళ్లు ఆయన్ని ఏడిపించని వాళ్లు లేరు. ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేకుండా పోయింది.

"ఒరేయ్," అన్నారు. "ఇది నేనే."

"ఏది?"

"ఈ పనిమంతుణ్ణి."

సంగతంతా విని బావమరిది చుట్టూ చూశాడు. ఎటు చూసినా ఆయన తొమ్మిది కాలమ్‌లే, తన జిరాక్సులే. "గప్‌చుప్‌గా ఇంటికి పోదాం పదండి. మీరు రాయలేదు, నేను ప్రింటు వేయలేదు."

"రేపు బయటపడితే? దొంగ సర్క్యులర్ వేసినవాడి కూతురని దాని దరఖాస్తు మీద ఎర్ర ఇంకుతో రాస్తారు. పద్నాలుగు వారాలు కళ్లు కాయలు కాసేలా చూసింది రా అది. నా చెయ్యి ఊరుకోనందుకు దాని చదువు పోవాలా?" అని ఆయన క్యూలోంచి బయటికి వచ్చేశారు. "నేనే వెళ్లి చెప్పేస్తాను. తప్పు నాదని రాసిస్తాను." రిజిస్ట్రారు గది ఎటో అడిగి, ఆ తలుపు ముందు బెంచీ మీద కూర్చున్నారు. లోపల ఏదో మీటింగు నడుస్తోంది, ఆగమన్నారు.

సరిగ్గా అప్పుడే ల్యాబ్‌లో భోజనాల వేళైంది. అమ్మాయి లాకరు తీసి, టిఫిన్ డబ్బా కంటే ముందు ఫోను అందుకుంది. సర్క్యులర్ మొదటి వాక్యంలో "తెలియజేయునది ఏమనగా" దాకా చదివేసరికే ఆమెకు చిన్నప్పటి జలుబు గుర్తొచ్చింది. ఇంటికి చేస్తే ఎవరూ ఎత్తలేదు. హాస్పిటల్‌కు చేసింది.

"అమ్మా, నాన్న సర్క్యులర్ వేశారు."

"ఎవరికి? పక్కింటివాళ్లకా?"

"యూనివర్సిటీకి."

"అమలు చేస్తున్నారా?"

"చేస్తున్నారమ్మా! అదే కదా నా భయం."

ఆవిడ వెంటనే తమ్ముడికి చేసింది. "చెప్తే వినలేదక్కా, రిజిస్ట్రారు దగ్గర ఒప్పుకుంటానని వెళ్లారు," అన్నాడతను. భర్త సంగతి ఆవిడకు తెలియనిది కాదు. ఒప్పుకోవడమంటూ మొదలుపెడితే అయిదు పేరాలు రాసి, కింద సంతకం చేసి, తనకొక నకలు ఇప్పించమంటారు. ఆ కాగితం ఒకటి పుట్టిందంటే ఇక అమ్మాయి గతి అంతే. అందుకని రిజిస్ట్రారు ఆఫీసుకు ఫోన్ కలిపింది. పాతికేళ్లు స్విచ్‌బోర్డు ముందు కూర్చున్న మనిషి. ఆ గొంతు వింటే పెద్ద డాక్టర్లు కూడా సర్దుకుని కూర్చుంటారు.

"సూపరింటెండెంట్ గారు అక్కడికి వచ్చారు. లోపల కూర్చోబెట్టండి. మేం బయల్దేరాం. మేం వచ్చేదాకా ఏ కాగితమూ కదపకండి," అని చెప్పి పెట్టేసింది.

ఫోన్ ఎత్తిన రిజిస్ట్రారు చెయ్యి రిసీవరు మీదే ఉండిపోయింది. సర్క్యులర్ వేసిన సూపరింటెండెంటు తలుపు బయట బెంచీ మీద ఉన్నారు. వెనక బృందం వస్తోంది. ఏ కాగితమూ కదపకూడదు. ఆయన ఇరవై ఏళ్ల సర్వీసులో ఇలాంటి ఫోను ఎప్పుడూ రాలేదు. మీటింగు మధ్యలో ఆపేసి, వచ్చినవాళ్లందరినీ పక్క గుమ్మంలోంచి పంపించి, స్వయంగా వెళ్లి తలుపు తీశారు.

"రండి రండి, మీరే స్వయంగా వస్తారనుకోలేదు."

సూపరింటెండెంటు గారు కూర్చోలేదు. "అయ్యా, ఆ సర్క్యులర్ వేసింది నేనే."

"తెలుసండీ. అమలు చేస్తున్నాం. ఇప్పటికి మూడువందల పన్నెండు ఫారాలు ముట్టాయి."

"అది కాదండీ. నేను రిటైరై మూడేళ్లయింది."

"అయినా మిమ్మల్ని వదల్లేదన్నమాట. పనిచేసేవాళ్ల గతి ఎప్పుడూ ఇంతే."

"నాకసలు ఏ అధికారమూ లేదండీ."

"మాకు మాత్రం ఏముంది చెప్పండి," అని రిజిస్ట్రారు నిట్టూర్చారు.

సూపరింటెండెంటు గారు ఎటునుంచి వచ్చినా దారి మూసుకుపోతోంది. ఇంతలో తలుపు తోసుకుని భార్యా కూతురూ వచ్చారు. అమ్మాయి ల్యాబ్ తెల్లకోటు విప్పకుండానే పరుగెత్తుకొచ్చింది, మెళ్లో గుర్తింపు కార్డు వేలాడుతోంది. తెల్లకోటు చూసి రిజిస్ట్రారు ఇంకో రెండు కుర్చీలు వేయించారు. అవతలివాళ్లు నోరు తెరిచేలోపు తానే చెప్పేస్తే మంచిదనుకున్నారు.

"దాచిపెట్టడానికేం లేదండీ. జాబితా అయిదు వారాల కిందటే తయారైంది. సంతకం పెట్టి బోర్డు మీద వేయాల్సింది ప్రవేశాల సెక్షన్ అని పరీక్షల సెక్షన్ వాళ్లూ, పరీక్షల సెక్షన్ అని వీళ్లూ అనుకున్నారు. ఇవాళ ఈ ఫారాలు రాకపోతే నాకూ తెలిసేది కాదు. మీ తొమ్మిదో కాలమ్ చంపేసిందండీ మమ్మల్ని. స్థితి ఎందుకు లేదో కారణం రాయమన్నారు. మూడువందల పన్నెండు మందీ ఒకటే రాశారు: మీరు చెప్పలేదు గనుక. దాని మీద మా గుమాస్తా ముద్ర వేసి మరీ తీసుకున్నాడు. ఇక నేనేం జవాబు చెప్పను?" అంటూ సొరుగు లాగి, టైపు చేసిన రెండు కాగితాలు పైకి తీసి, కలం మూత విప్పారు.

అమ్మాయి పద్నాలుగు వారాలుగా వెతుకుతున్నది అక్కడ బల్ల మీద, మూరెడు దూరంలో ఉంది. అప్పుడే సూపరింటెండెంటు గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"సంతకం పెట్టకండి."

భార్య ఆయన మోచేతిని గట్టిగా గిల్లింది. ఆయన పట్టించుకోలేదు. జీవితంలో మొదటిసారి విషయమూ సూచికా లేకుండా మాట్లాడారు.

"ఈవిడ నా భార్య. ఇది నా కూతురు. ఆ జాబితాలో దీని పేరుందో లేదో నాకు తెలియదు. సర్క్యులర్ నేను మా ఇంటి ముందు గదిలో కూర్చుని రాశాను. నన్నెవరూ రాయమనలేదు. పుకార్లు మాన్పిద్దామని కూర్చుని, అన్నిటికంటే పెద్ద పుకారు నేనే పుట్టించాను. నన్నేం చేసినా సరే. పిల్ల జోలికి మాత్రం వెళ్లకండి. నాలుగేళ్లు సీసాల్లో నీళ్లు పట్టి పరీక్షించి, ఈ నీళ్లు ఇలా ఎందుకయ్యాయో తెలుసుకోవాలని చదువుతానంటోంది. అంతకుమించి దాని తప్పేం లేదు."

"తప్పు నాన్నది కాదు సార్," అంది అమ్మాయి. "ఏదో ఒకటి తెలిస్తే చాలని అన్నది నేను. అది విని ఊరుకోలేకపోయారు." నాన్న మీద పొద్దుటి నుంచి ఉన్న కోపమంతా ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు. ఆ క్షణంలో ఆయన్ని చూస్తే ఆమెకు కొండంత గర్వంగా అనిపించింది.

రిజిస్ట్రారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. మళ్లీ పెట్టుకున్నారు. ముఖం ఎర్రబడింది. బెల్లు మీద చెయ్యి వేశారు, ఎవర్ని పిలవాలో తోచక తీసేశారు. పక్కనున్న ఫైలు తెరిచి, "చూడబడినది, అమలు చేయబడుచున్నది" అన్న వాక్యాన్నీ, దాని కింద ఉన్న సంతకాన్నీ చాలాసేపు చూశారు. అది ఎవరి సంతకమో ఆయనకు అనుమానమేమీ లేదు.

"మీరు చెప్పింది నిజమైతే," అన్నారు చివరికి, "లేని సర్క్యులర్‌ను చూశానని నేను సంతకం చేసినట్టవుతుంది."

"అవునండీ," అన్నారు సూపరింటెండెంటు గారు తల వంచుకుని.

"నేనలాంటి పని చేస్తానా?"

"చెయ్యరండీ."

"కాబట్టి సర్క్యులర్ ఉంది," అని రిజిస్ట్రారు జాబితా మీద రెండు చోట్ల సంతకం పెట్టి, గుమాస్తాను పిలిచి, "బోర్డు మీద వెయ్యి. ఇప్పుడే," అన్నారు.

మూడున్నరకు జాబితా బోర్డు మీదికి ఎక్కింది. ఆ తోపులాటలో బావమరిది మోచేతులతో దారి చేస్తే అమ్మాయి ముందుకు వెళ్లింది. భూగర్భజలాల విభాగంలో పదహారు పేర్లున్నాయి. నాలుగోది ఆమెది. ఒకసారి చదివి, వేలు పెట్టి ఇంకోసారి చదివి, వెనక్కి తిరిగి, ఆ జనంలోంచే "నాన్నా!" అని అరిచింది. ఆ అరుపుకే ఆయనకు సంగతి తెలిసిపోయింది, కళ్లమ్మట నీళ్లు జలజలా రాలాయి. అయినా చూడనిదే ఎలా నమ్ముతారు? దగ్గరికి వెళ్లి పేరు చూశారు. నంబరు చూశారు. కింద టైపు చేసిన తేదీ చూశారు, సరిగ్గా అయిదు వారాల కిందటిది. అంటే తన సర్క్యులర్ పుట్టకముందే, తన ప్రమేయం ఏమీ లేకుండానే ఆ పిల్ల తన సీటు తాను తెచ్చుకుంది. అది చూశాకే ఆయన గుండె మీది బరువు దిగింది.

చుట్టూ ఒకటే కేకలు. జాబితాలో మొట్టమొదటి పేరు చూసుకుని ఒక పొడుగాటి కుర్రాడు బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. అతనే "రాదులే." ఇప్పుడు పేరు మార్చుకోవాలేమోనని పక్కవాళ్లను అడుగుతున్నాడు. "ఆ సూపరింటెండెంట్ ఎవరో గానీ వంద మంది చెయ్యలేని పని చేశాడు," అని ఎవరో అనేసరికి బావమరిది ఇక ఆగలేకపోయాడు. "అదుగో, ఆయనే! మా బావగారు!" మరుక్షణం సూపరింటెండెంటు గారి కాళ్లు నేల మీద లేవు. కుర్రకారు ఆయన్ని భుజాల మీదికెత్తుకుని సైకిల్ స్టాండు చుట్టూ మూడుసార్లు తిప్పింది. "దింపండి, దింపండి," అని ఆయన అంటూనే ఉన్నారు గానీ ఆ గొంతులో అంత పట్టుదల ఏమీ లేదు. భార్య కింద నిలబడి ఆయన చెప్పులు పట్టుకుని నవ్వుతోంది. పైన రిజిస్ట్రారు కిటికీ దగ్గరికి వచ్చి చూసి, తెర లాగేసుకున్నారు.

అయిదుకు ఇంకా పది నిమిషాలుందనగా అమ్మాయి ల్యాబ్ పెద్దాయనకు ఫోన్ చేసింది. బాండు రాసివ్వలేనని, తనకు సీటొచ్చిందని చెప్పింది.

"బాగా చూసుకున్నావా అమ్మా? ఆన్‌లైన్ పుకార్లు నమ్మి మంచి పోస్టు వదులుకోకు."

"నంబరు, తేదీ, సంతకం మూడూ ఉన్నాయి సార్," అంది ఆమె. పక్కనే ఉన్న తండ్రి వినీ విననట్టు తల తిప్పుకున్నారు. పెద్దాయన చదువయ్యాక మాత్రం మళ్లీ తమ దగ్గరికే రావాలని, అప్పుడు బాండు అడగనని అన్నాడు. తెల్లకోటు మడిచి బ్యాగులో పెట్టుకుని, అమ్మానాన్నలిద్దరి భుజాల మీదా చేతులు వేసి ఆ అమ్మాయి నడిచిన నడక చూస్తే, ఆ గేటు ఆమె సొంతమని ఎవరైనా అనుకుంటారు.

పది రోజుల తర్వాత యూనివర్సిటీ నుంచి సూపరింటెండెంటు గారి పేరున ఒక కవరు వచ్చింది. భార్య చూసి గుండె పట్టుకుంది. ఆయన దాన్ని చించారు. లోపల రిజిస్ట్రారు సంతకంతో నాలుగు వాక్యాల ఉత్తరం ఉంది. తమరి సర్క్యులర్ నం. 1 అసలు ప్రతి తమ ఫైళ్లలో ఎంత వెతికినా కనిపించడం లేదని, రికార్డు నిమిత్తం దయచేసి ఒక నకలు పంపవలసిందని అందులో కోరారు.

సూపరింటెండెంటు గారు ఆ మధ్యాహ్నమే పంపించారు, ముట్టినట్టు రశీదు ఇంతవరకూ రాలేదని నిన్ననే గుర్తు చేస్తూ ఇంకో ఉత్తరం రాశారు.